పాత లైను

జనగామ బస్టాండులో కంట్రోలరుగా పనిచేసే సుదర్శనం, భార్య పోయినప్పుడు ఏడవలేదు.

వరంగల్ ఆస్పత్రి నుంచి బండి వచ్చి ఇంటి ముందు ఆగినప్పుడు ఏడవలేదు. శ్మశానంలో పిడికెడు మట్టి వేసినప్పుడూ ఏడవలేదు. దినాలు అయిపోయిన మర్నాడు బీరువా తెరిచి, సులోచన చీరలన్నీ మూటలు కట్టి తన అక్కచెల్లెళ్ళకు పంచిపెట్టాడు. ఆమె పడుకున్న మంచం ఎవరికో ఇచ్చేశాడు. ఫోటో పెద్దది చేయించి తెస్తానని బావమరిది అంటే వద్దన్నాడు.

"పోయినామె పోయింది. ఇంట్ల ఇగ ఆ ముచ్చట్లు వద్దు" అని కూతురు నవతకు చెప్పాడు.

నవత తలూపింది. ఆ పిల్ల ఊళ్ళోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే లేచి స్నానం చేసి, వంట చేసి, తండ్రి అన్నం మీద మూతపెట్టి, తను డబ్బా కట్టుకుని వెళుతుంది. సాయంత్రం వస్తుంది. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులున్నారని పక్కింటివాళ్ళకు కూడా వినపడేది కాదు.

సుదర్శనానికి గురువు రామానుజమ్మ. పద్మశాలీల ఇంట పుట్టి, మగ్గం నేస్తూనే మేనమామ దగ్గర అచల బోధ విన్న మనిషి. మోకాళ్ళు సహకరించక మగ్గం గుంటలో దిగడం మానేసింది కానీ, ఆదివారం వస్తే ఆమె ఇంటి వసారా నిండేది. కనిపించేదంతా ఎరుక ఆడే ఆట అనీ, ఆ ఆట అంటని బయలు ఒక్కటే కదలనిదనీ ఆమె చెప్పేది. ఎక్కువ చెప్పేది కాదు. ఒక మాట అని చాలాసేపు ఊరుకునేది.

సుదర్శనం ఆ వసారాలో ఏళ్ళ తరబడి ఒక మూల కూర్చున్నవాడే. సులోచన పోయాక మాత్రం అతని చుట్టూ ఒక కొత్త మర్యాద పుట్టింది.

"భార్య పోతే మనిషి ఇసుమంత కదలలేదు. బోధ ఎక్కితే గట్ల ఎక్కాలె" అనుకునేవారు వచ్చినవాళ్ళు.

సుదర్శనం విననట్టే ఉండేవాడు. కానీ వినేవాడు.

ఒక ఆదివారం, కొత్తగా వస్తున్న వడ్రంగి ఒకతను కూర్చున్నచోటే ఏడ్చాడు. అతని తమ్ముడు పోయి ఎన్నో రోజులు కాలేదు. రామానుజమ్మ అతన్ని ఏడవనిచ్చింది. సుదర్శనం ఉండబట్టలేక అందుకున్నాడు.

"పోయినోడెవడు, ఏడ్చేటోడెవడు? ముందు గది విచారించు. బంధం తెంపుకోవాలె. తెంపుకుంటే ఏముండది."

వడ్రంగి తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ తలెత్తలేదు. రామానుజమ్మ సుదర్శనం వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

అందరూ వెళ్ళాక సుదర్శనం ఆగాడు.

"అమ్మా, ఒక్క మాట అడుగుత."

"అడుగు."

"పక్క ఊరోళ్ళు బోధ చెప్పెటందుకు ఎవరినన్న పంపమంటున్నరు గద. నేను అర్హుణ్ణా కాదా అని నాకే తెలుసుకోవాలని ఉన్నది. నాల ఇంకేమన్న మిగిలిందా, మీరే జూసి చెప్పాలె."

"నువ్వేమనుకుంటున్నవు?"

"వెతికి చూసిన అమ్మా. సులోచన పేరు తలుచుకున్నా లోపల ఏం కదుల్తలేదు. తెగిపోయింది."



"నీ బిడ్డ ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నదమ్మా. పనికి పోతది, వస్తది."

"మాట్లాడుతదా?"

సుదర్శనం ఆలోచించి చెప్పాడు. "అవసరమున్న కాడికి మాట్లాడుతది."

"రేపు పొద్దుగాల మీ ఇంటికొస్త" అంది రామానుజమ్మ.

గురువు తన ఇంటికి రావడం సుదర్శనానికి అదే మొదలు. నవతను ల్యాబుకు సెలవు పెట్టమన్నాడు. ఇల్లంతా తానే ఊడ్చి కడిగాడు. అసలు ఆ ఇంట్లో ఊడవడానికి పెద్దగా ఏమీ లేదు. రెండు కుర్చీలు, ఒక నవారు మంచం, తుడిచినట్టున్న గోడలు. చూసి గురువు మెచ్చుకుంటుందని అతనికి లోపల చిన్న ఆశ.

రామానుజమ్మ ఆటో దిగి, కర్ర ఊతంతో లోపలికి వచ్చింది. ముందు గది చూసింది. వంటిల్లు చూసింది. నవత ఉప్మా చేసి పెట్టింది. సుదర్శనం తన పళ్ళెం తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. నవత గురువుకు వడ్డించి, తాను వంటింట్లో గట్టుకు ఆనుకుని నిలబడే తినేసింది. అలవాటైన పని చేసినట్టు ఇద్దరూ అలా విడిపోవడం రామానుజమ్మ చూస్తూ కూర్చుంది.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. అక్కడ గోడ వెంట ఒక ఇనుప పైపు నేల నుంచి డాబా మీది దాకా నిలువుగా ఉంది. తుప్పు పట్టి పొరలు లేస్తోంది. నడుమెత్తున దానికో పాత నల్లా. ఆ నల్లా కిందే బట్టలుతికే బండ. పైపును గోడకు పట్టి ఉంచిన ఇనుప పట్టీలు రెండు ఊడిపోయాయి. చేత్తో కదిపితే పైపు గోడ నుంచి దూరం జరిగి, మళ్ళీ గోడకు కొట్టుకుంది.

"బిడ్డ బట్టలు ఇక్కడ్నే ఉతుకుతదా?" అంది రామానుజమ్మ.

"అవునమ్మా."

"ఇదేంది మరి?"

"పాత లైను. కొత్త ప్లాస్టిక్ పైపులు ఏసినప్పుడు దీన్ని కట్ చేసిండ్రు. నేనే దగ్గరుండి చేయించిన. దీంట్ల ఇప్పుడు ఏం లేదు."

"ఏం లేకుంటే ఎందుకుంచినవు? బిడ్డ నెత్తి మీద పడితే?"

సుదర్శనానికి సిగ్గేసింది. "ఇయ్యాలనే తీసేస్తనమ్మా."

"తియ్యి. నేను కూసుంట."

నవత కుర్చీ తెచ్చి వేసింది. సుదర్శనం లుంగీ ఎగగట్టి, లోపలి నుంచి రంపం బ్లేడు, పానా తెచ్చాడు. గురువు ముందు పని చేసి చూపించే ఉత్సాహం అతనిది. బండ పక్కన నిలబడి, నల్లాకు జానెడు పైన, తన ఛాతీకి ఎదురుగా బ్లేడు ఆనించాడు.

"అక్కడెందుకు కోస్తున్నవు?"

"చేతికందుతదని."

"కోసినంక పైది ఎటు పోతది?"

సుదర్శనం తలెత్తి చూశాడు. అతని నెత్తి మీద నిలువునా అంత ఇనుము నిలబడి ఉంది. ఊడిన పట్టీల చోట మేకులు మాత్రమే మిగిలాయి.

బ్లేడు దించాడు.

"పానాతోని తట్టు" అంది రామానుజమ్మ. "పైనుంచి కిందికి."

అతను నిచ్చెన వేసుకుని పైన తట్టాడు. పైపు ఖంగుమంది. కొంచెం దిగి తట్టాడు. ఖంగుమంది. ఇంకా దిగి తట్టేసరికి చప్పుడు మారిపోయింది. నిండు బిందె మీద కొట్టినట్టు మొద్దుగా, మూసుకుపోయినట్టుగా వచ్చింది.

సుదర్శనం మళ్ళీ తట్టాడు. అదే చప్పుడు.

"నీళ్ళున్నయి" అన్నాడు నెమ్మదిగా. "కింద డమ్మీ బిరడా కొట్టిండ్రు, పైన మూత బిగించిండ్రు. అప్పటి నీళ్ళు అట్లనే నిలిచిపోయినయి."



అతను డాబా ఎక్కాడు. కొత్త లైనుకు ఈ పైపుకు ఎక్కడా కలయిక లేదని ముందు చూసుకున్నాడు. తర్వాత పైమూతను పానాతో పట్టి తిప్పాడు. అది కదలలేదు. తుప్పు మీద కిరసనాయిలు పోసి, కాసేపు ఆగి, మళ్ళీ తిప్పితే చిన్నగా లొంగింది. మూత ఊడగానే పైపు ఒక్కసారి బుస్సుమని గాలి పీల్చుకుంది. కిందికి వచ్చి నల్లాకు బక్కెట పెట్టి, అంచు అంచుగా తిప్పాడు.

ముందు ఏమీ రాలేదు. తర్వాత నల్లటి చుక్క ఒకటి. తర్వాత సన్నటి ధార. కుళ్ళిన ఆకుల వాసన పెరడంతా కమ్ముకుంది. నవత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంకో బక్కెట తెచ్చి మార్చింది. నల్లటి నీరు ఎర్రబడింది. ధార ఆగిపోయిందనుకుంటే మళ్ళీ వచ్చేది. ముగ్గురూ దాన్నే చూస్తూ ఉన్నారు. ముందే పైపు కోసి ఉంటే ఆ నీళ్ళు తన ముఖం మీదికి వచ్చేవని, ఆ తబ్బిబ్బులో పైపు మీద పడేదని సుదర్శనానికి తెలుస్తూనే ఉంది.

ధార ఆగాక అతను పనితీరు మార్చాడు. గురువు చెప్పనక్కర లేకపోయింది. పైకొసను తాడుతో కట్టి, ఆ తాడును పిట్టగోడకున్న ఇనుప కడ్డీకి చుట్టి, కొస పెరట్లో దూరంగా నిలబడ్డ నవత చేతికిచ్చాడు. కింద ఎవరూ నిలబడకుండా గురువు కుర్చీని గుమ్మం దాకా జరిపాడు. కంటిలో తుప్పు పడకుండా అద్దాలు పెట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకున్నాడు. పైనుంచి మొదలుపెట్టి ఒక ముక్క కోయడం, దాన్ని తాడుతో నెమ్మదిగా దించడం, మళ్ళీ తాడు కట్టడం. తండ్రి "వదులు" అంటే కూతురు వదిలేది. "ఆపు" అంటే ఆపేది. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరి మధ్య అన్ని మాటలు నడిచాయి.

ఎండ గోడ మీదికి వచ్చేసరికి నల్లా దాకా దిగింది. ఇక మిగిలింది నల్లా కింది ముక్క, నేలలోకి పోయేది.

నవత ముఖం అప్పటికే మారిపోయింది. తాడు చుట్టడం ఆపేసి, పైపు మొదలు వైపే చూస్తోంది. ఏదో అనబోయి, తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. రామానుజమ్మ ఆ పిల్లనే గమనిస్తోంది.

సుదర్శనం మొదట్లో మట్టి గోకాడు. బురదలో కలిసిపోయిన రంగులో సన్నటి తీగ ఒకటి పైపుకు గట్టిగా చుట్టి ఉంది. స్నానాల గది గోడలోంచి చిన్న బెజ్జం గుండా బయటికి వచ్చి అక్కడ ముడిపడింది.

"ఏం తీగ అది?" అంది రామానుజమ్మ.

"ఏమో అమ్మా. ఎప్పటి తీగనో. పనికొచ్చేది కాదు." అతను పక్కనున్న కటింగ్ ప్లేయరు అందుకున్నాడు.

"బాపూ, ముట్టకు!"

ఆ కేకకు సుదర్శనం చేయి గాలిలోనే ఆగింది. నవత అలా అరవడం అతను ఎన్నడూ వినలేదు. ఆ పిల్ల తాడు కింద పడేసి వచ్చి అతనికీ పైపుకూ మధ్య నిలబడింది.

"అది అమ్మ కట్టించింది."

సుదర్శనం తీగ వైపు చూశాడు.

"అమ్మ ముచ్చట ఎత్తొద్దన్నవు. అందుకే పొద్దటి నుంచి నోరు మూసుకున్న. పైముక్కలు తీస్తే ఏం కాదని ఊకున్న. ఇది మాత్రం తియ్యకు బాపూ."

రామానుజమ్మ అంది. "ఎందుకు కట్టించింది బిడ్డా?"

"ప్లాస్టిక్ పైపులు ఏసినంక గీజరు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది అమ్మమ్మా. అమ్మ కరెంటు పనిచేసే యాకయ్య మామను పిలిపించింది. ఇంతకుముందు ఇనుప పైపులున్నయి గనుక అయే కరెంటును భూమిలకు గుంజినయట. ప్లాస్టిక్ ఏసినంక దారి లేదట. ఎర్తింగు లేదని, ఈ పైపు భూమిల లోతుగ ఉన్నదని, గీజరు తీగ దీనికి కట్టిచ్చిండు. అమ్మ నాకెన్ని మాట్ల చెప్పిందో. ఆ పైపు మొదలు ఎవ్వరిని ముట్టనియ్యకు అని."

"నాకెందుకు చెప్పలె?" అన్నాడు సుదర్శనం. ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

"చెప్పింది బాపూ. ఆ ఆదివారం నువ్వు చెప్పులేసుకుంటున్నవు. మళ్ళొచ్చినంక వింట అన్నవు."

సుదర్శనం ప్లేయరు కింద పెట్టాడు.

"మెయిను బంద్ చెయ్యి నాయనా" అంది రామానుజమ్మ. "ఆ యాకయ్యకు కబురు పెట్టు."

యాకయ్య మధ్యాహ్నం వచ్చాడు. సులోచన పేరు చెప్పగానే తీగ ఎక్కడుందో అతనికి గుర్తొచ్చింది. గోడ మీది గీజరు మూత విప్పి, మీటరు పెట్టి చూసి, పెదవి విరిచాడు.

"లోపల కాయిలు పోయింది సార్. ఈ డబ్బాకు కరెంటు దిగుతున్నది. ఎన్నాళ్ళ నుంచో గాని, అంతా ఆ తీగనే గుంజుకున్నది."

"తీగ లేకుంటే?"

యాకయ్య నవత వైపు చూసి, చూపు దించుకున్నాడు. "పొద్దున నీళ్ళు పోసుకునేది ఎవరు సార్?"

సుదర్శనం బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు.

యాకయ్య పెరట్లో ఇంకో మూల గుంత తవ్వాడు. బొగ్గు, ఉప్పు వేసి కొత్త కడ్డీ దించి, దానికి కొత్త తీగ కలిపాడు. పాడైన గీజరు ఊడదీశాడు. కొత్తది పట్టుకుందో లేదో చూసుకున్నాకే పాత తీగ విప్పి పైపు మొదలు తీయనిచ్చాడు. నేలలోంచి వచ్చిన ఆ చివరి ముక్క చాలా బరువుంది. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ పట్టుకుని గోడ పక్కన పెట్టారు. గుంత పూడ్చి, మట్టి తొక్కి, పగిలిన అంచులు ఎవరికీ గీసుకోకుండా ముక్కలన్నిటినీ గోనెసంచిలో చుట్టారు.

యాకయ్య వెళ్ళిపోయాడు. నవత చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళబోయింది.

"బిడ్డా, ఇట్ల రా" అంది రామానుజమ్మ. "కూసో."

నవత నేల మీద కూర్చుంది.

"మీ అమ్మ ఇంకేం చెప్పింది?"

నవత తండ్రి వైపు చూసింది. అతను తలెత్తలేదు. వద్దని కూడా అనలేదు.

"అన్నీ చిన్న చిన్నయే అమ్మమ్మా."

"అయే చెప్పు."

నవత ముందు తడబడింది. బియ్యం డబ్బాలో ఎండుమిరపకాయలు వెయ్యమని చెప్పింది. బాపుకు రాత్రిపూట పెరుగు పడదు, అడిగినా వెయ్యొద్దని చెప్పింది. వాన పడితే వంటింటి కిటికీ రెక్క కింద గుడ్డ దోపమని చెప్పింది. చెబుతున్న కొద్దీ ఆ పిల్ల గొంతు విడివడింది. తల్లి మాటతీరే ఆ పిల్ల నోట పలకసాగింది. ఒకచోట నవ్వింది కూడా. పొరుగామె చేసే పులిహోర గురించి సులోచన ఏమనేదో చెబుతూ నవ్వింది.

సుదర్శనం వింటున్నాడు. ఇవేవీ అతనికి తెలియవు. తనకు ఎవరో తెలియని మనిషితో ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద బతికినట్టనిపించింది.

"ఆస్పత్రిల ఏమన్న అన్నదా?" అంది రామానుజమ్మ.

నవత చేతివేళ్ళ మధ్య ఇరుక్కున్న తుప్పును గోటితో తీస్తూ కూర్చుంది.

"అన్నది. బాపు ఏడ్వడు, నువ్వు ఏమనుకోకు అన్నది. ఆయనకు ఏడ్సుడు రాదు బిడ్డా, నేర్సుకోలేదు అన్నది. ఒంటిగ మాత్రం తిననియ్యకు అన్నది."

నవత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నేను ఎంత చూసినా నాకు కుదర్లేదు అమ్మమ్మా. నేను వడ్డించేసరికి బాపు పళ్ళెం పట్టుకొని లేచిపోతడు. అమ్మ అడిగిన ఆ ఒక్కటి చెయ్యలేకపోయిన."

పెరట్లో ఎండ తగ్గింది. పైపు తీసిన చోట గోడ మీద నిలువుగా సున్నం తెల్లగా కనిపిస్తోంది. సుదర్శనం లేచి వచ్చి కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఏదో అనాలనుకున్నాడు. బోధలో విన్న మాటలు చాలా ఉన్నాయి అతని దగ్గర. ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"ఆస్పత్రిల నేను బయట బెంచీ మీదనే ఉన్న గద" అన్నాడు చివరికి. "నన్ను పిలువలేదా?"

"పిలిచింది బాపూ. నువ్వు కండ్లు మూసుకొని కూసున్నవు. ధ్యానంల ఉన్నడు, లేపకు అన్నది."

సుదర్శనం ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. అతని వీపు కదలడం మాత్రం కనిపించింది. చప్పుడు రాలేదు. నవత కాసేపు చూసి, దగ్గరికి జరిగి, తండ్రి భుజం మీద చేయి వేసింది.

రామానుజమ్మ తన కర్ర అందుకుని లేచింది. వాళ్ళు గమనించలేదు. ఆమె ముందు గది దాటి, గుమ్మం దగ్గర నిలబడి ఆటో కోసం చూసింది. సుదర్శనం తేరుకుని పరుగెత్తుకొచ్చేసరికి ఆమె ఆటోలో కూర్చుని ఉంది.

"అమ్మా" అన్నాడు. నిన్న అడిగిన ప్రశ్న అతని ముఖంలో లేదు. ఏం అడగాలో తెలియని మనిషిలా ఆటో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చే ఆదివారం రాకు" అంది ఆమె. "ఆదివారం బిడ్డకు సెలవుంటది గద?"

"ఉంటదమ్మా."

"లోపలికి పో. పొయ్యి మీద ఏం పెట్టలేదు ఇంక."

ఆటో వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం వసారాలో అందరూ చేరారు. సుదర్శనం కూర్చునే మూల ఖాళీగా ఉంది. పక్క ఊరి నుంచి వచ్చిన పెద్దమనుషులు అతని కోసమే చూశారు. అతన్ని తమ ఊరికి పంపితే బాగుంటుందని వాళ్ళలో వాళ్ళు అప్పటికే అనుకున్నారు. కొంతసేపు చూసి ఒకాయన అడిగాడు.

"సుదర్శనంగారు రాలేదేందమ్మా? ఒంట్ల బాగలేదా?"

"బాగనే ఉన్నడు."

"మరి?"

రామానుజమ్మ చీర కొంగు సర్దుకుంది.

"ఇంట్ల పాఠం నడుస్తున్నది" అంది. "ఇప్పుడే మొదలైంది."